నా కార్లో బానే పనిచేసిందే!

మొన్న శనివారం పొద్దున్నే మా బావమరిది ఫోను చేశాడు. వాళ్ళుండేది షార్లెట్లో. వాళ్ళ పాపకి ఈమధ్యే రెండేళ్ళు నిండాయి. వచ్చే సంక్రాంతికి మొదటిసారి ఇండియా తీసుకెళ్తున్నారు. "బావా, పోర్టబుల్ కారు సీటు ఏది కొనాలి? పేరు చెప్పు చాలు, ఇప్పుడే ఆర్డరు పెట్టేస్తా" అన్నాడు.

పేరు చెప్పడానికి అరనిమిషం చాలు. నేను గంటసేపు మాట్లాడాను. ఫోను పెట్టేశాక మా ఆవిడ "పాపం, వాడు పేరడిగితే మీరు పురాణం విప్పారు" అంది. నిజమే. కానీ ఈ విషయంలో నాకో పాత బాకీ ఉంది. అందుకే ఆ పురాణాన్నే ఇక్కడ కాస్త వరసలో పెడుతున్నాను.

మేం మా అమ్మాయిని మొదటిసారి ఇండియా తీసుకెళ్ళింది 2022 డిసెంబరులో. అప్పటికి దానికి పద్నాలుగు నెలలు. డాలస్‌లో మా కార్లో ఉన్న సీటు పదకొండు కేజీల బండరాయి. దాన్ని మోసుకెళ్ళాలా వద్దా అని రెండ్రోజులు ఆలోచించి, "అక్కడ ఎవరు వాడతారు? మనమందరం ఇవి లేకుండానే పెరగలేదూ?" అని ఇంట్లోనే వదిలేశాం. ఆ మాట అన్నది మా ఆవిడ కాదు. నేనే. రెండు వీధుల అవతలున్న ఇండియన్ స్టోరుకి వెళ్ళాలన్నా బెల్టు పెట్టందే కారు కదపని నేనే.

అమ్మా నాన్నా మా నందిగామ నుంచి టాక్సీ మాట్లాడుకుని శంషాబాద్ వచ్చారు. తెల్లవారుజామున మూడింటికి బయటికొచ్చాం. అమ్మ మనవరాల్ని చేతుల్లోకి తీసుకుంది, ఇంక ఇవ్వలేదు. వెనకసీట్లో కూర్చుని శాలువా కప్పి ఒళ్ళో పడుకోబెట్టుకుంది. ఔటర్ మీదుగా పెద్ద అంబర్‌పేట దగ్గర దిగి విజయవాడ హైవే ఎక్కాం. చౌటుప్పల్ దాటాక, వెనక లైటు లేని ట్రాక్టరొకటి చీకట్లో ఉన్నట్టుండి కనబడింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. గుద్దుకోలేదు. నిజానికి ఆయన చాలా బాగా ఆపాడు.

కానీ అమ్మ చేతుల్లోంచి పిల్ల ముందుకి జారిపోయి, ముందుసీటు వీపుకి కొట్టుకుని కింద పడింది. పెదవి చిట్లింది. రెండు చుక్కల రక్తం, పది నిమిషాల ఏడుపు, అంతే. పిల్ల నార్కట్‌పల్లి వచ్చేలోపే నిద్రపోయింది. అమ్మ చేతులు మాత్రం నందిగామ వచ్చేదాకా వణుకుతూనే ఉన్నాయి. "నా చేతుల్లోంచే జారిపోయిందిరా" అని ఒక్కసారి అంది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. కానీ ఆ నెలరోజుల్లో ఇంకెప్పుడూ కార్లో పిల్లని ఎత్తుకోలేదు. ఎవరైనా అందిస్తే "దాని అమ్మకివ్వండి" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుండేది.

ఎందుకంటే తప్పు అమ్మ చేతులది కాదు. ఇంటికొచ్చాక కాగితం మీద లెక్క వేసుకున్నాను. గంటకి 50 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. బండి దేన్నైనా గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకుందాం. పది కేజీల పిల్లని ఆ కాసేపు పట్టుకుని ఆపాలంటే చేతుల మీద పడే బలం సుమారు 140 కేజీల బరువుతో సమానం. అంటే 25 కేజీల బియ్యం బస్తాలు ఐదున్నర. నిద్రలో జోగుతున్న అరవై రెండేళ్ళ మనిషి కాదు, జిమ్ముకి రోజూ వెళ్ళే కుర్రాడు కూడా ఆపలేడు. ఇంకోలా చెప్పాలంటే, 50 వేగంలో గుద్దుకోవడమూ, పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడో అంతస్తు డాబా మీంచి, కింద పడడమూ ఒకటే. "గట్టిగా పట్టుకున్నాలే" అనే మాటకి అక్కడ విలువ లేదు. మాది గుద్దుకోవడం కూడా కాదు, ఒట్టి బ్రేకు. దానికే అలా అయింది.

సరే, అసలు విషయానికొస్తే, 2024 సంక్రాంతికి మళ్ళీ ప్రయాణం. పిల్లకి రెండేళ్ళ మూడు నెలలు, 12 కేజీలు, 35 అంగుళాలు. ఈసారి సీటు లేకుండా వెళ్ళేది లేదని ముందే అనుకున్నాం. సీట్లన్నిటినీ ఒక ఎక్సెల్ షీటులో పెట్టాను (మనకి ఇంకేం వచ్చు గనక!). మొదటి కాలమ్ బరువు. రెండోది మడత పడుతుందా లేదా. మూడోది ధర.

చిన్న బ్యాగులో పట్టే మడత బూస్టర్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. తెలిసినవాళ్ళలో ముగ్గురు అవే కొనమన్నారు. కానీ అవి 40 పౌన్లు దాటిన, నాలుగేళ్ళు నిండిన పిల్లలకి. బూస్టరు పిల్లని పట్టుకోదు. కారు బెల్టు సరైన చోట పడేలా చేస్తుందంతే. రెండేళ్ళ పిల్ల ఆ బెల్టు కింద నుంచి జారిపోతుంది. కొట్టేశాను.

చొక్కాలా తొడిగే వెస్టు రకం ఉంది. దానికి కనీసం 30 పౌన్లుండాలి, మాది 26. కొట్టేశాను.

విమానం సీటుకి తగిలించే పట్టీల బెల్టు ఉంది. అది విమానం దిగాక దేనికీ పనికిరాదు. కొట్టేశాను.

ఆన్‌లైన్లో ఐదొందలకీ వెయ్యికీ దొరికే, గుడ్డతో కుట్టి పట్టీలు తగిలించిన 'కారు సీట్లు' కూడా కనబడ్డాయి. వాటి మీద ఏ ప్రమాణం గుర్తూ లేదు. అవి షీటులోకి ఎక్కనే లేదు.

మిగిలినవి రెండు. ఒకటి ఎనిమిది పౌన్ల బరువుతో, మడతపెడితే వీపుకి తగిలించుకునే సంచిలో పట్టే అల్యూమినియం ఫ్రేము సీటు. ధర నాలుగొందల డాలర్లకి కాస్త అటూ ఇటూ. రెండోది ఏ సూపర్‌మార్కెట్లో అయినా దొరికే, పది పౌన్ల లోపు ఉండే ప్లాస్టిక్ కన్వర్టిబుల్ సీటు. అరవై డాలర్లు. మడత పడదు, చూడ్డానికి బకెట్లా ఉంటుంది. నా మనసు మొదటిదాని మీదే ఉంది. ఇంజనీరుకి మడతపడే వస్తువంటే ఎందుకో మోజు. కార్టులో కూడా వేసేశాను.

కొనేముందు ఎందుకైనా మంచిదని మా ఊరి ఫైర్ స్టేషన్లో కారు సీట్లు ఉచితంగా చూసిపెట్టే రోజున వెళ్ళాను. అక్కడ సర్టిఫికెట్ ఉన్న టెక్నీషియన్ ఒక పెద్దావిడ. నా షీటు అంతా ఓపిగ్గా చూసి ఒక్కటే అడిగింది: "అక్కడ మీరెక్కే కార్లో సీటుబెల్టు లాక్ అవుతుందా?"

నాకు ప్రశ్నే అర్థం కాలేదు. బెల్టన్నాక లాక్ అవదా?

ఆవిడ చెప్పిందేమిటంటే, అమెరికాలో 1996 మోడల్ నుంచి వచ్చిన కార్లలో వెనకసీటు బెల్టుని పిల్లల సీటు కోసం బిగించి లాక్ చేసే ఏర్పాటు ఉండాలి. చాలా కార్లలో బెల్టుని పూర్తిగా బయటికి లాగి వదిలితే టిక్‌టిక్‌మంటూ లోపలికి పోతుంది, మళ్ళీ బయటికి రాదు. అందుకే ఇక్కడి సీటు కట్టగానే కదలకుండా ఉంటుంది. ఇతర దేశాల కార్లలో చాలావాటికి ఆ ఏర్పాటు ఉండదు. బ్రేకు గట్టిగా వేసినప్పుడో, గుద్దుకున్నప్పుడో మాత్రమే బెల్టు పట్టేసుకుంటుంది. మిగతా సమయమంతా వదులుగా జారుతుంది. పెద్దవాళ్ళకి అది సరిపోతుంది. ఆ బెల్టుతో కట్టిన పిల్లల సీటు మాత్రం ప్రతి మలుపుకీ కాస్త కాస్త వదులై ఒక పక్కకి ఒరిగిపోతుంది.

ఆ రాత్రే నందిగామలో ఉన్న మా బాబాయి కొడుక్కి వీడియో కాల్ చేశాను. "ఒరేయ్, నీ కారు వెనక బెల్టు మొత్తం బయటికి లాగి మెల్లగా వదులు. టిక్‌టిక్‌మంటోందా?" "లేదన్నయ్యా, మామూలుగానే పోతోంది." "మళ్ళీ లాగితే వస్తోందా?" "హాయిగా వస్తోంది. ఏంటన్నయ్యా, బెల్టులో ఏమైనా పెట్టి పంపించావా?"

అప్పుడు నవ్వొచ్చింది, ఆ తర్వాత సిగ్గేసింది. మన వృత్తిలో 'పోర్టబుల్' అన్న మాటకి ఒక అర్థం ఉంది. ఒక మెషీన్లో నడిచే ప్రోగ్రాము ఇంకో మెషీన్లోనూ నడిస్తే అది పోర్టబుల్. ఫైలు సైజు తక్కువైనంత మాత్రాన కాదు. టెస్టింగువాళ్ళు బగ్గు తెచ్చినప్పుడల్లా "నా మెషీన్లో బానే పనిచేస్తోందే" అని తప్పించుకునే జూనియర్లకి క్లాసు పీకే నేను, కూతురి సీటు దగ్గర సరిగ్గా అదే చేశాను. షీటులో మోసేవాడి సుఖం గురించి మూడు కాలమ్‌లు. అవతల ఏ కార్లో కూర్చోబెడతామో దాని గురించి ఒక్కటీ లేదు.

షీటు చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి టాక్సీ నుంచి వెనక్కి. లాక్ అవని బెల్టు. సీటు వీపు వెనక పైపట్టీ, అంటే టెదర్, తగిలించే కొక్కెం ఉంటుందో లేదో తెలియదు. ఐసోఫిక్స్ కమ్మీలు కొత్త బళ్ళలో చాలావాటికి ఉంటాయి గానీ, వచ్చే టాక్సీ కొత్తదో పాతదో ఎవరికి తెలుసు?

ఇలా చూసేసరికి నాలుగొందల డాలర్ల సీటు వెనకబడింది. అది పిల్లని ముందుకి తిప్పి కూర్చోబెట్టే సీటు. అలాంటివాటిలో గుద్దుకున్నప్పుడు తల ఎంత ముందుకి ఊగుతుందో తగ్గించేది ఆ పైపట్టీయే. అరవై డాలర్ల బకెట్టు వెనక్కి తిప్పి కూడా పెట్టొచ్చు, 40 పౌన్లు లేదా 40 అంగుళాల దాకా. అలా పెడితే దానికి పైపట్టీ అవసరం లేదు. పైగా చిన్నపిల్లలకి తల బరువు, మెడ సున్నితం. వెనక్కి తిరిగి కూర్చుంటే ఆ దెబ్బంతా మెడ మీద కాకుండా వీపు మొత్తం మీద సీటు పంచుకుంటుంది. అందుకే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2018లో 'రెండేళ్ళ దాకా' అన్న గీత తీసేసి, సీటు ఒప్పుకున్నంత బరువూ ఎత్తూ వచ్చేదాకా వెనక్కి తిప్పే కూర్చోబెట్టమంది.

చవకది కదా, గట్టిగా ఉంటుందా అని మా ఆవిడ అనుమానం. నాకూ ఉండేది. అమెరికాలో అమ్మే ఇలాంటి సీటు ఏదైనా గంటకి 30 మైళ్ళ ఢీ పరీక్షకి నిలబడాల్సిందే. అరవై డాలర్లదీ నాలుగొందలదీ రాసేది ఒకటే పరీక్ష. పైన కట్టే డబ్బు చాలావరకూ మెత్తకీ మడతకీ సోకుకీ.

ఇక లాక్ అవని బెల్టుకి మందు లాకింగ్ క్లిప్పు. ఇంగ్లీషు హెచ్ అక్షరం ఆకారంలో ఉండే చిన్న ఇనుప ముక్క, కొద్ది డాలర్లు. బకిల్‌లో గుచ్చే నాలికకి అంగుళం లోపు, నడుముబెల్టునీ భుజంబెల్టునీ కలిపి పట్టేస్తుంది. ఆ చోటు దాటి పెడితే పనికి రాకపోగా ప్రమాదం కూడా. సీటు మాన్యువల్లో ఒప్పుకుంటేనే వాడాలి. మాన్యువల్లో ఆ పేజీ చూసి, ఆవిడ దగ్గర నేర్చుకుని, మా కార్లో బెల్టు లాక్ అవకుండా సగమే లాగి, పన్నెండు సార్లు అభ్యాసం చేశాను. కట్టాక బెల్టు పోయే చోట పట్టుకుని ఊపితే అంగుళానికి మించి కదలకూడదు. మా ఆవిడ స్టాప్‌వాచ్ పట్టుకుంది. మొదటిసారి 23 నిమిషాలు, ఆఖరుసారి ఆరు. :)

విమానంలో ఇబ్బంది లేదు. సీటు మీద ఎర్ర అక్షరాలతో విమానంలోనూ వాడొచ్చని రాసుంది. అది చూపిస్తే కిటికీ పక్కన పెట్టుకోనిచ్చారు. రెండేళ్ళు దాటాక ఎలాగూ పిల్లకి టికెట్టు కొంటాం కదా. పిల్ల తనకి అలవాటైన కుర్చీలా కూర్చుని నిద్రపోయింది. లగేజీలో వేస్తే ఎక్కడ ఎలా విసిరేస్తారో తెలీదు, పైకి కనబడని పగుళ్ళు రావచ్చు.

శంషాబాద్‌లో మళ్ళీ అదే మూడింటి వేళ, మళ్ళీ అమ్మా నాన్నా. బండి వేరే. వెనకసీటు తలుపు తీస్తే బెల్టు బకిళ్ళు కనబడలేదు! కొత్త సీటు కవరు కింద పాతిపెట్టేశారు. డ్రైవరు "వెనకాల ఎవరూ పెట్టుకోరు సార్, గుచ్చుకుంటున్నాయంటారు" అన్నాడు. ఇద్దరం కలిసి కవరు జిప్పు తీసి తవ్వితే, షోరూములోంచి వచ్చినప్పటి ప్లాస్టిక్కు కూడా పోని బకిళ్ళు బయటపడ్డాయి. ఐసోఫిక్స్ కమ్మీల కోసం తడిమి చూశాను, లేవు. బెల్టు లాగి వదిలాను, అనుకున్నట్టే టిక్‌టిక్ లేదు. క్లిప్పు తీశాను. సీటు కాస్త నిటారుగా ఉంటే నాన్న తుండుగుడ్డ చుట్టి కింద పెట్టాను (ఇది కూడా మాన్యువల్లో ఉన్నదే). మొత్తం పద్నాలుగు నిమిషాలు. చలిలో నాన్న గొణుగుడు నేపథ్య సంగీతం.

"దీనికి ఫైన్లు కూడా ఉన్నాయా సార్?" అనడిగాడు డ్రైవరు. ఉన్నాయి. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చినప్పుడు, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి బెల్టో, చైల్డ్ సీటో లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయలు జరిమానా పెట్టారు. "మరి నన్నెప్పుడూ ఎవరూ ఆపలేదే" అన్నాడు. నన్నొక ట్రాక్టరు ఆపిందని చెప్పాను.

అమ్మ ఏమంటుందోనని మాత్రం నాకు భయంగా ఉంది. సీటు తెచ్చానంటే, 'నీ చేతుల మీద నాకు నమ్మకం లేదు' అని మొహం మీద చెప్పినట్టు అవుతుందేమోనని. విమానంలో దానికి నాలుగు రకాల డైలాగులు రాసుకున్నాను. బియ్యం బస్తాల లెక్క కూడా సిద్ధంగా ఉంది. అమ్మ అవేమీ అడగలేదు. పిల్లకి పట్టీలు బిగిస్తుంటే చూసి, "ఇలా కట్టేస్తే ఇంక జారదు కదా?" అంది. జారదమ్మా అన్నాను. పక్కన ఎక్కి కూర్చుంది. ఆవిడ బెల్టు కూడా నేనే పెట్టాను.

ఔటర్ ఎక్కాక వెనక్కి తిరిగి చూశాను. పిల్ల వెనక్కి తిరిగి ఉంది కాబట్టి దాని మొహం సరిగ్గా నాయనమ్మ వైపుంది. అమ్మ దాని వేలు పట్టుకుని ఏదో కథ చెబుతోంది. "ఒళ్ళో ఉంటే దీని నెత్తి ఒక్కటే కనబడేదిరా, ఇలా అయితే మొహం కనబడుతోంది" అంది. చౌటుప్పల్ ఎప్పుడు దాటామో నేను చూశాను గానీ, అమ్మ చూడలేదు.

అన్నీ గెలిచానని చెప్పను. మూడో రోజు పొద్దున నాన్న మనవరాల్ని స్కూటరు ముందు నిలబెట్టుకుని పాలకేంద్రానికి తీసుకెళ్ళిపోయాడు. నాలుగేళ్ళ లోపు పిల్లలకి టూవీలరు మీద హెల్మెట్టూ, కట్టే పట్టీలూ ఉండాలని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉందని చెప్పాను. "సందు చివరిదాకే కదరా" అన్నాడు. రెండు వీధుల అవతల స్టోరుకి కూడా బెల్టు పెట్టేవాణ్ణి నేను, అక్కడ నోరు మూసుకున్నాను. దానికి సరిపోయేది నేనేమీ తీసుకెళ్ళలేదు. అది నా షీటులో లేదు. ఈసారి వెళ్ళేటప్పుడు ఉండాలి.

ఇంతకీ బావమరిదికి చివరికి చెప్పిందేమిటంటే, ముందు పాప బరువూ ఎత్తూ కొలువు. తర్వాత మీ ఊళ్ళో మీరెక్కబోయే కారు బెల్టు ఎవరిచేతనైనా లాగించి చూడు. ఆ తర్వాత, ఆ రెండిటికీ సరిపోయే సీట్లలో తేలికైనది కొను. ఈ వరస తిరగేసి మొదలుపెట్టకు. ఎవరైనా వాడిన సీటు ఊరికే ఇస్తానంటే, దాని మీద అచ్చేసిన గడువు తేదీ చూడు. అది యాక్సిడెంట్లో ఉందో లేదో వాళ్ళు గట్టిగా చెప్పలేకపోతే తీసుకోకు. బయల్దేరే ముందు కనీసం ఆరేడుసార్లు కట్టి విప్పు, ఎందుకంటే అక్కడ దాన్ని కట్టాల్సింది ఇరవై రెండు గంటల ప్రయాణం తర్వాత, నిద్రమొహంతో, చీకట్లో.

అంతా విని వాడు "సరే బావా, ఇంతకీ మీ సీటు ఏ రంగు తీసుకున్నారు?" అన్నాడు.

క్లిప్పు ఒకటి మా దగ్గర ఎక్స్‌ట్రా ఉంది. సోమవారం పోస్టులో పంపిస్తున్నాను.